చెట్టు డేటా మీద భారిత సగటు: పోస్ట్‌గ్రెస్ రికర్సివ్ క్వెరీ ఎంతవరకు పనికొస్తుంది

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో విత్ రికర్సివ్ (తన ఫలితాన్నే మళ్లీ వాడుకుంటూ సాగే క్వెరీ) 2009లో, 8.4 వెర్షన్‌తో వచ్చింది. ఐడీ, పేరెంట్ ఐడీ, వెయిట్, విలువ అనే నాలుగు కాలమ్‌ల టేబుల్ మీద ప్రతి నోడ్‌కూ (చెట్టులో ఒక్కో అంశం, అంటే టేబుల్‌లో ఒక్కో వరస) భారిత సగటు (వెయిట్ ఎక్కువున్నదానికి ఎక్కువ ప్రాధాన్యమిచ్చే సగటు) తీయడానికి ఏళ్లుగా దీన్నే వాడుతున్నాను. పనికొచ్చే సాధనమే, కానీ ఒక రకం లెక్క దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది.

ముందు లెక్క సంగతి. ఒక ప్రాజెక్టులో లాగిన్ మాడ్యూల్ కింద రెండు పనులున్నాయి: 10 గంటల పని 100 శాతం, 30 గంటల పని 20 శాతం పూర్తయ్యాయి. పేమెంట్ మాడ్యూల్ కింద ఒకే పని, 160 గంటలది, 10 శాతం అయింది. గంటలు పట్టించుకోకుండా సగటు తీస్తే లాగిన్ 60, పేమెంట్ 10, ప్రాజెక్టు 35 శాతం. గంటలు లాగిన్ లోపల లెక్కలోకి తీసుకుని, పైన మళ్లీ మామూలు సగటు తీస్తే 40, 10 కలిసి 25. అసలు జవాబు 16: గంటలను శాతాలతో గుణించి కూడితే 3200, దాన్ని మొత్తం గంటలు 200తో భాగించాలి. అందుకే సగటును పైకి మోయకూడదు. గుణకారాల మొత్తం, వెయిట్ల మొత్తం రెండూ విడివిడిగా పైదాకా వెళ్లాలి, భాగహారం చివర్లో ఒక్కసారే.

కింది నుంచి పైకి కూడుకుంటూ పోదామంటే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, రికర్సివ్ భాగంలో సమ్ లాంటి అగ్రిగేట్లు (పలు వరసలను ఒకే విలువగా కలిపే ఫంక్షన్లు) రాస్తే ఎర్రర్ కొడుతుంది. దారి తిప్పి రాయాలి. ప్రతి నోడ్‌నూ తనకు తానే పూర్వీకుడిగా పెట్టి మొదలుపెట్టి, పూర్వీకుడి ఐడీని అలాగే ఉంచి, పిల్లలను జాయిన్ చేసుకుంటూ దిగాలి. చేతికొచ్చేది పూర్వీకుడు, వారసుడు జతల పట్టిక. దానికి ఆకుల (పిల్లలు లేని నోడ్‌ల) విలువలు కలిపి, బయట పూర్వీకుడి ఐడీ మీద గ్రూప్ బై చేస్తే అయిపోయింది. లక్ష నోడ్‌లు, 6 అంతస్తులైతే జతలు మహా అయితే 6 లక్షలు. అదే 1000 నోడ్‌లు ఒకదాని కింద ఒకటి గొలుసులా ఉంటే 5,00,500 జతలు! నోడ్‌ల సంఖ్య కన్నా లోతు చూసి భయపడాలి.

కొంప ముంచేవి చిన్న విషయాలే. ఆకులను పట్టుకోవడానికి, ఐడీ పేరెంట్ ఐడీల్లో లేనివి అంటూ నాట్ ఇన్ వాడితే ఒక్క వరస కూడా రాదు, ఎందుకంటే రూటు (అన్నిటికన్నా పై నోడ్) పేరెంట్ ఐడీ నల్ (ఖాళీ), ఆ ఒక్క నల్ మొత్తం షరతును చెడగొడుతుంది. నాట్ ఎగ్జిస్ట్స్ వాడండి. ఆకులను వడకట్టకపోతే ఇంకో తంటా: పేరెంట్ వరసలో కూడా ఎవరో పిల్లల గంటలు కూడి పెట్టి ఉంటారు, అవి రెండోసారి లెక్కలోకి వస్తాయి. కాలమ్‌లు ఇంటీజర్ అయితే 110ని 40తో భాగిస్తే 2.75 కాదు, 2 వస్తుంది. న్యూమరిక్‌కు మార్చి భాగించండి. వెయిట్ల మొత్తం సున్నా కావచ్చు కాబట్టి సున్నాను నల్‌గా మార్చే నల్‌ఇఫ్ తప్పనిసరి.

అన్నిటికన్నా మోసం విలువ నల్ ఉన్న ఆకుతో. పై 30 గంటల పనికి శాతం నమోదే కాలేదనుకోండి. గుణకారాల సమ్ దాన్ని వదిలేస్తుంది, వెయిట్ల సమ్ మాత్రం 30ని కలుపుకుంటుంది. లాగిన్ కిమ్మనకుండా 25 శాతం చూపిస్తుంది. వెయిట్ల సమ్‌కు ఫిల్టర్ పెట్టి నల్ విలువలు తీసేస్తే 100 వస్తుంది. ఖాళీ అంటే సున్నానా, తెలియదా అన్నది మాత్రం డేటా ఇచ్చినవాళ్లే చెప్పాలి.

డేటాలో చక్రం ఉంటే (ఒక నోడ్ తన వారసుడి కిందే పిల్లగా ఉంటే) రికర్సివ్ భాగాన్ని కలిపే యూనియన్ ఆల్ ఆగదు. జతలు మాత్రమే మోస్తుంటే ఉత్త యూనియన్ ఆగుతుంది, పునరావృతమైన జతను పారేస్తుంది కాబట్టి. పక్కన అంతస్తు నంబర్ కూడా పెడితే ప్రతి వరసా కొత్తదే, మళ్లీ మొదటికే. ఆగినంత మాత్రాన జవాబు సరైనదనీ కాదు, చక్రంలో ఉన్నవన్నీ ఒకదానికొకటి పూర్వీకులైపోతాయి. 14వ వెర్షన్ నుంచి ఉన్న సైకిల్ క్లాజ్‌తో ముందు వాటిని పట్టుకోండి.

ఇక చేతులెత్తేసే చోటు. వెయిట్లు గంటల్లా కూడదగ్గవి కాకుండా, తోబుట్టువుల మధ్య వాటాలైతే (మార్కుల పట్టికల్లో ఇదే ఉంటుంది) కథ వేరు. రూటు కింద రెండు కొమ్మలు, చెరి సగం. మొదటి కొమ్మలో రెండు సమాన ఆకులు: ఒకటి 90, ఇంకోటి ఖాళీ. రెండో కొమ్మలో ఒకే ఆకు, 60. వాటాలను పైనుంచి గుణించుకుంటూ దిగి, ఖాళీ ఆకును చివర్లో వదిలేస్తే 70 వస్తుంది, మొదటి కొమ్మ వాటా మూడో వంతుకు పడిపోయింది కాబట్టి. ఏ అంతస్తుకు ఆ అంతస్తు సర్దితే 75. మాస్టారు కోరేది సాధారణంగా 75నే. దీనికి జతల పద్ధతి పనికిరాదు, అంతస్తులవారీగా కింది నుంచి రావాల్సిందే. పోస్ట్‌గ్రెస్ సొంత ప్రోగ్రామింగ్ భాష పీఎల్/పీజీఎస్‌క్యూఎల్‌లో లూప్ రాసి, టెంపరరీ టేబుల్‌లో అట్టడుగు అంతస్తు నుంచి పైకి అప్‌డేట్ చేస్తాను. 6 అంతస్తులకు 5 అప్‌డేట్‌లు. టెంపరరీ టేబుల్‌ను ఆటోవాక్యూమ్ (పోస్ట్‌గ్రెస్ వెనక తనంతట తాను నడిపే నిర్వహణ పని) ముట్టుకోదు, నింపగానే ఎనలైజ్ (టేబుల్ గణాంకాలు సేకరించే కమాండ్) మీరే కొట్టాలి. పైథాన్‌లో చేస్తే రికర్షన్ రాయకండి, డిఫాల్ట్ పరిమితి 1000. లోతు ప్రకారం అవరోహణలో సార్ట్ చేసి ఒక్క లూప్‌తో తేల్చేయొచ్చు.

ఎల్‌ట్రీ (రూటు నుంచి నోడ్ దాకా దారిని దాచుకునే పోస్ట్‌గ్రెస్ డేటా రకం) కూడా వాడి చూశాను. దారి మొత్తం ప్రతి వరసలోనే ఉంటుంది కాబట్టి, జిస్ట్ అనే రకం ఇండెక్స్ పెడితే ఒక కొమ్మను పట్టుకోవడం తేలిక. కానీ కొమ్మను ఇంకోచోటికి మారిస్తే దాని కింది ప్రతి వరసలో దారి తిరగరాయాలి. విభాగాలు తరచూ అటూ ఇటూ మారే టేబుల్‌కు నేనైతే పేరెంట్ ఐడీతోనే ఉంటాను, దాని మీద ఇండెక్స్ మర్చిపోకుండా. పోస్ట్‌గ్రెస్ ఫారిన్ కీకి (ఇంకో వరసను సూచించే కాలమ్‌కు) ఇండెక్స్‌ను తనంతట తాను పెట్టదు.