ఇరకం దీవి: టెంటుకో దండం, ఎండ్రకాయల పులుసుకో దండం

ఇరకం దీవిలో క్యాంపింగ్ ప్యాకేజీకి డబ్బు కట్టబోయేవాళ్లు ముందు ఇది చదవండి. మనిషికి 2,800 చొప్పున మా పన్నెండు మందికి 33,600 రూపాయలు ముందే ఫోన్‌పేలో గుంజేశారు. తిరుపతి నుంచి టెంపో ట్రావెలర్ బాడుగ 8,500, అది మళ్లీ మాదే.

దోవలో చెప్పుకునేంత విశేషమేం లేదు. శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా రోడ్డు బాగుంది. తడ దగ్గర భీములవారిపాళెం రేవులో పడవ కూడా చెప్పిన టైముకే ఉంది.

అసలు కథ పడవ దిగాక మొదలైంది. వాట్సాప్‌లో వాళ్లు పంపిన ఫోటోలో నీలం నీళ్లు, ఎగిసే అలలు, కింద 'సముద్ర తీరాన ఒక రాత్రి' అని రాత. ఇరకం ఉండేది పులికాట్ సరస్సులో. సముద్రానికీ దానికీ నడుమ శ్రీహరికోట అడ్డంగా పడుకుని ఉంటుంది, అక్కడ రాకెట్ కేంద్రం, మనలాంటివాళ్లకు అనుమతి లేకుండా అడుగుపెట్టే వీల్లేదు. ఇక అలలు ఎక్కణ్నుంచి వస్తాయి? సరస్సు చాలాచోట్ల ఎంత పలచనంటే పడవాయన దారిలో ఇంజిన్ ఆపి గడకర్ర పట్టుకున్నాడు. ఈతకని నిక్కర్లు, గాలి ట్యూబు కొనుక్కొచ్చిన మా బావమరిది మోకాటిలోతు నీళ్లలో ఆ ట్యూబు చంకన పెట్టుకుని నిలబడ్డాడు. వాడి మొహం చూసి నవ్వాలో ఓదార్చాలో తెలియలేదు. సరస్సు బాగుంది, అందులో సందేహం లేదు. సరస్సని చెప్పి తీసుకొచ్చుంటే సంతోషంగానే వచ్చేవాళ్లం కదా!

'నలుగురి టెంటు'లో ముగ్గురు పడుకుంటే మూడోవాడి కాళ్లు బయటే. మా టెంటు జిప్పు ఊడిపోతే పిన్నీసు పెట్టి ఇచ్చారు. అర్ధరాత్రి దాటేసరికి మంచు గుడ్డలోంచి దిగి మొహాన చుక్కచుక్కగా పడడం మొదలైంది. దోమల సంగతి వేరే చెప్పాలా? మరుగుదొడ్డి అంటే నాలుగు కట్టెలకు చుట్టిన పచ్చ వల, ఒక బకెట్టు. లోపల లైటు వేస్తే బయటికి అంతా కనబడుతుంది. మా వదిన అది చూసి వచ్చాక మా అన్నతో మాట్లాడడం మానేసింది, బుక్ చేసింది ఆయనే మరి. పన్నెండు మందికి రెండు నీళ్ల క్యాన్లు, మూడోది కావాలంటే 150. చలిమంటకు వేరేగా 800. బార్బెక్యూలో తలకు నాలుగు ముక్కలు, పైన మాడి లోపల పచ్చి.

ఇవన్నీ చాలవని స్పీకర్ పెట్టారు. ఇది పక్షుల అభయారణ్యం, ఈ మోతకు, మంటకు అనుమతి ఉందా అని అడిగా. "లైట్ తీస్కోండన్నా" అన్నాడు ఆ నిర్వాహకుడు. ఇరవై మూడేళ్లుంటాయేమో, ప్రతి మాటకూ అదే జవాబు.

ఆకలికి ఆగలేక సెల్‌ఫోన్ లైట్లేసుకుని ఊళ్లోకి నడిచాం. ఒక ఇంటి ముందర పెద్దావిడ వల బాగుచేసుకుంటోంది. "పెద్దమ్మా, తినేదానికి ఏమన్నా దొరుకుతాదా?" అన్నాడు మా అన్న.

"ఎండ్రకాయలుండాయి నాయనా, కాసేపు కూచోండి" అంది. ఆవిడ తెలుగులో మొదలుపెట్టి అరవంలోకి పోయి మళ్లీ తెలుగులోకి వస్తోంది, మా చిత్తూరు వాళ్లకు అదేమంత కొత్తా! దారంతో కట్టేసిన ఎండ్రకాయల కట్టు విప్పకుండానే డొప్ప ఊడదీసి, కొండీలను రోకలి మొదటితో ఒక్కొక్క పోటు పొడిచింది, పులుసు లోపలికి దిగడానికట. మిరియాలు, ధనియాలు, వెల్లుల్లి రోట్లో నూరి, చింతపండు పులుసు పోసి కట్టెల పొయ్యి మీద పెట్టింది. దానికి తోడు చిన్న రొయ్యల వేపుడు, వేడన్నం. కొండీ కొరికి లోపలి కండ లాగి తింటున్నంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. మా వదిన రెండోసారి అన్నం పెట్టించుకుని, మా అన్న వైపు ప్లేటు జరిపి "ఇంకో కాయ వెయ్యమనండి" అంది. రాజీ కుదిరిందని మాకందరికీ అర్థమైంది.

ఎంతివ్వాలంటే పన్నెండు మందికి కలిపి 1,200 అంది, 1,500 ఇచ్చాం. ప్యాకేజీలో ఒక మనిషి ఖర్చులో సగం చిల్లరతో అందరి కడుపూ నిండింది. ఆమె భర్త అరుగు మీద కూర్చుని సరస్సు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతున్నాయని, ఉప్పునీరు సరిగా లోపలికి రాక రొయ్య తగ్గిందని చెబుతూ ఉన్నాడు. వాళ్లకు రాకెట్ ఎగరడం మామూలు విషయమే, రొయ్య దొరకడమే ఇప్పుడు విశేషం.

పొద్దున ప్యాకేజీలోని 'జాలర్లతో వేట' రద్దన్నారు. గాలట. ఆ డబ్బు వెనక్కివ్వమంటే భీములవారిపాళెం రేవులో అరగంట గొడవ. చివరికి మొత్తానికి కలిపి 1,000 పంపాడు, పైగా మంచి రేటింగ్ ఇవ్వమన్నాడు. మా బావమరిది ఫోన్ తీసుకుని నిజంగానే ఇచ్చాడు, ఒక్క స్టారు.

రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, చూడాలని ఉంటే దీవి దాకా పోనక్కర్లేదు. చలికాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా నీళ్లలో నిలబడి ఉంటాయి, పైసా ఖర్చు లేదు. మేం తిరుగుదారిలో అక్కడే ఎక్కువ చూశాం. ఇరకం చూడాలంటే పొద్దున్నే పడవ మాట్లాడుకుని పోండి, తాగునీళ్లు తడలోనే కొనుక్కోండి, భోజనం ఊళ్లో ముందే చెప్పి వండించుకోండి, చీకటి పడకముందే తిరిగొచ్చేయండి. ఆడవాళ్లు, పిల్లలు ఉంటే రాత్రి మకాం మాట ఎత్తొద్దు. ఎండాకాలం మాత్రం అసలు వద్దు, నీళ్లు తగ్గి పడవలు బురదలో దిగబడతాయి.