కలీల అంగరఖాకు ఏ బట్ట మేలు: ఇక్కత్తా, సాదా చేనేతా?

పాత నల్లగొండ జిల్లాలో ఉండి ఇంట్లోనే అంగరఖా (ముందు భాగాలు ఒకదాని మీద ఒకటి వేసి కట్టుకునే పొడవాటి పైబట్ట) కుట్టుకోవాలనుకునేవాళ్ళ కళ్ళు మొదట పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్ మీదే పడతాయి. పాలమూరు వైపు వాళ్ళేమో నారాయణపేట చీర ముందర పెట్టుకొని "దీన్ని కోయొచ్చా?" అని అడుగుతారు. రంగు, ధర, మెత్తదనం అన్నీ చూస్తారు గానీ, అసలు చూడాల్సింది నడుము కింద ఘేరా (విచ్చుకునే కింది భాగం) ఎట్లా వస్తుందన్నది. కలీలతో, అంటే పైన సన్నగా కింద వెడల్పుగా కోసిన ముక్కలతో, వచ్చే ఘేరాకు ఒక బట్ట నప్పుతుంది, కుచ్చులతో వచ్చేదానికి ఇంకొకటి. ఇది తేల్చుకోకుండా బట్ట కొంటే కత్తెర పెట్టాక బాధపడాల్సి వస్తుంది.

ముందు కలీల సంగతి. నడుము 36 అంగుళాలున్న మనిషికి, ముందు భాగాలు ఒకదాని మీద ఒకటి పడాలి కాబట్టి నడుము దగ్గర 45 అంగుళాలు కావాలి. పది కలీలు వేస్తే ఒక్కోటి పైన 4.5, కింద 14 అంగుళాలు. రెండు పక్కలా అరంగుళం చొప్పున కుట్టుకు వదిలితే 5.5, 15 అవుతాయి. పొడవు 30 అనుకుందాం. 20.5 అంగుళాల వెడల్పున్న ముక్కను ఏటవాలుగా కోస్తే ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా రెండు కలీలు వస్తాయి, పీలిక కూడా వృథా కాదు. 46 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న చేనేత తడిపి ఆరబెడితే సుమారు 44కు దిగుతుంది. అందులో ఇలాంటి ముక్కలు రెండు పక్కపక్కన పడతాయి, అంటే ఒక వరుసకు నాలుగు కలీలు. పది కలీలకు మూడు వరుసలు, 90 అంగుళాలు. పైభాగం, చేతులు, పట్టీలు కలుపుకొని 4 మీటర్ల తాను బట్ట సరిపోతుంది.

ఇక్కడే ఇక్కత్ ఇబ్బంది పెడుతుంది. ఏనుగులో చిలకలో ఉన్న డిజైనైతే సగం కలీల్లో అవి తలకిందులవుతాయి. అన్నీ ఒకే దిక్కుకు కోద్దామంటే ఒక్కో కలీకి 15 అంగుళాల వెడల్పు వదలాలి. 44లో రెండే పడతాయి. పది కలీలకు ఐదు వరుసలు, 150 అంగుళాలు. ఒకటిన్నర మీటరు అదనం, అదీ మీటరు లెక్కన ఖరీదైన బట్టలో.

దిక్కు లేని డిజైన్ తీసుకుంటే ఈ ఖర్చు తప్పుతుంది, కానీ ఇంకో చిక్కు ఉంది. కలీకి ఒక పక్క నిలువు అంచు, రెండో పక్క ఏటవాలు. నిలువు పక్క 30 అంగుళాలైతే ఏటవాలు పక్క దాదాపు 31.5. నడుము దగ్గర డిజైన్ గీతలు సరిగ్గా కలిపినా, కిందికి వచ్చేసరికి అతుకు దగ్గర దాదాపు ఒకటిన్నర అంగుళం మెట్టు పడుతుంది. పది కలీలకు తొమ్మిది అతుకులు, వెనక నడిమధ్యది తప్ప మిగిలిన ఎనిమిదింటా మెట్లే. గీతలు కలపాలని ఏటవాలు పక్కను కుదించి కుడితే అతుకంతా అలలు అలలుగా లేస్తుంది, ఇస్త్రీకి కూడా లొంగదు. సాదా బట్టలో ఈ తేడా కంటికి కనిపించదు. మిగిలిన కొసను కింద గుండ్రంగా కత్తిరించేస్తే చాలు.

అందుకే కలీల అంగరఖాకు సాదా చేనేత నూలే తీసుకోండి. నేత దగ్గరగా, బట్ట పల్చగా ఉండాలి. రంగు నూలుకే వేసిన బట్టకు పై వైపు, లోపలి వైపు అనే తేడా ఉండదు. ఏటవాలుగా కోసిన రెండు కలీలూ ఒకే చేతివాటంగా వస్తాయి కాబట్టి ఎడమ, కుడి వైపులకు సగం కలీలను తిరగేయాలి. అద్దకం బట్టలో అది కుదరదు. (ఇక్కత్‌లోనూ రంగు నూలుకే వేస్తారు కాబట్టి ఈ ఒక్క విషయంలో అది కూడా సాదా చేనేతతో సమానమే.)

కుట్టేటప్పుడు నిలువు పక్కను పక్క కలీ ఏటవాలు పక్కకు జోడించండి, నిలువుది ఏటవాలుదాన్ని సాగనివ్వదు. ముందు రెండు అంచులూ నిలువుగానే ఉండాలంటే వెనక నడిమధ్యలో రెండు ఏటవాలు పక్కలు కలుస్తాయి. అక్కడ వట్టిగా కుడితే నెల తిరిగేసరికి తోకలా వేలాడుతుంది. పన్నాలో మిగిలిన మూడంగుళాల పీలికలోంచి గట్టి అంచు చీల్చి, అతుకు లోపల పెట్టి కుట్టండి. తుర్పాయికి (కింది అంచు మడిచి కుట్టడానికి) తొందరపడకండి. ఒక పగలూ ఒక రాత్రీ హ్యాంగరుకు వేలాడదీసి, సాగేదంతా సాగాక, నేల నుంచి కొలిచి గీత గీసి అప్పుడు మడవండి.

కుచ్చుల ఘేరా అయితే లెక్క తిరగబడుతుంది. కలీల కింది అంచు గుండ్రం, చీర అంచు తిన్నన, అందుకే రెంటికీ పొసగదు. కుచ్చులకు కావలసింది తిన్నని బట్టే. తడిపి ఆరబెట్టిన నారాయణపేట నూలు చీరలో కింది అంచు నుంచి పైకి 31 అంగుళాలు కొలిచి, మూడుంపావు మీటర్ల పొడవున కోయండి. అది నడుము దగ్గర కావలసిన 45 అంగుళాలకు మూడింతల కన్నా కొంచెం తక్కువ, పల్చని నూలుకు చక్కగా సరిపోతుంది. చీర అంచే ఘేరా అంచవుతుంది, కింద తుర్పాయి పనే లేదు. పైన మిగిలిన 13 అంగుళాల పీలికలో ఛాతీ లోపలి పర్దా, పట్టీలు వస్తాయి. కొంగు వైపున్న రెండుంపావు మీటర్లలో పైభాగం, చేతులు. మిషన్‌లో పెద్ద కుట్టుతో పావంగుళం ఎడంగా రెండు వరుసలు వేసి కింది దారం లాగండి. ఒక్క వరుసే వేస్తే కుచ్చులు ఒకచోట గుట్టపడతాయి. కోయకముందే ముదురు రంగు అంచును తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితే నీళ్ళు తేటపడేదాకా విడిగా ఉతకాలి.

కుచ్చులకు ఇక్కత్ కూడా బాగుంటుంది, డిజైన్ తెగదు. దుప్పట్ల కోసం నేసిన మందం బట్ట మాత్రం వద్దు, నడుము దగ్గర మూటలా లేస్తుంది. కలీల అంగరఖాలోనే ఇక్కత్ ఉండాలనుకుంటే అర మీటరు కొని, పర్దాకు, కింది అంచు లోపలి పట్టీకి వాడండి. నడుస్తుంటే ఘేరా ఎగిరినప్పుడల్లా లోపలి నుంచి కనిపిస్తుంది. పట్టీ రెండున్నర అంగుళాల వెడల్పున, క్రాస్‌గా కోయాలి, లేకపోతే గుండ్రం అంచు మీద ముడతలు పడుతుంది.

ఇక మిగిలినవి. మిల్లు పాప్లిన్ ట్రయల్ కుట్టడానికి మంచిది, అంతే. గద్వాల చీర జోలికి పోకండి: ఒళ్ళు నూలు, అంచు పట్టు, ఉతికితే నూలు కుదించుకుపోయి అంచు ముడుచుకుంటుంది. పాలిస్టర్ జరీ బట్ట కోసిన పక్కల్లా పోగులు ఊడుతుంది, మే నెలలో నల్లగొండ ఎండకు ఒంటి మీద నిలవనివ్వదు.