కోర్టు కట్టల మీద తెలుగు ఓసీఆర్: చాలాకాలం వాడాక నా మాట

తెలుగు ఓసీఆర్ (స్కాన్ చేసిన పేజీ బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చదివి, వెతకగలిగే పాఠంగా మార్చడం) పనికొస్తుందా అని తోటి లాయర్లు అడుగుతుంటారు. ఏ కాగితం ఎక్కడుందో పట్టుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఆ కాగితంలో ఏముందో చెప్పమని మాత్రం దాన్ని అడగకూడదు. ఈ తేడా ముందే తెలుసుకుని దిగినవాళ్లకు నిరాశ ఉండదు.

శ్రీకాకుళంలో మాది సివిల్ కేసుల ఆఫీసు. మా సీనియర్ గారి కాలం నాటి కట్టలు గదుల నిండా ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జిల్లాను ఊపేశాక అన్నీ స్కాన్ చేయించాం. తీరా చూస్తే ఆ పీడీఎఫ్‌లు ఉత్త ఫొటోల ఆల్బమ్‌లు. సర్వే నంబరు కొట్టి వెతికితే ఏమీ రాదు. అక్కడి నుంచి ఓసీఆర్ దారి పట్టాను.

నేను వాడేది టెసరాక్ట్, దాని ఆధారంగా నడిచే ఓసీఆర్‌మైపీడీఎఫ్. రెండూ ఉచితం. టెసరాక్ట్ 1980ల్లో హెచ్‌పీ కంపెనీలో పుట్టింది, 2005లో కోడ్ అందరికీ ఇచ్చేశారు. 2018లో నాలుగో వెర్షన్ వచ్చాక ఒక్కో అక్షరాన్ని విడదీసి పోల్చడం మాని, వరుస మొత్తాన్ని, నమూనాలు చూసి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌తో చదవడం మొదలైంది. గుడి పైన, ఒత్తు కింద, పక్క అక్షరం దాన్ని తాకుతూ ఉండే మన లిపికి ఈ పద్ధతే నప్పుతుంది. ఓసీఆర్‌మైపీడీఎఫ్ చేసేదేమిటంటే, చదివిన అక్షరాలను పేజీ బొమ్మ మీద కంటికి కనిపించని పొరగా పరుస్తుంది. స్టాంపు, సంతకం, వేలిముద్ర ఎక్కడివక్కడే కనిపిస్తాయి. మా వృత్తికి కావాల్సింది అదే.

ఫోన్‌తో ఫొటో తీస్తే అక్షరాలు లాగిచ్చే యాప్‌లు కొన్ని తెలుగును ఇంకా బాగా చదువుతాయి, అది ఒప్పుకోవాలి. కానీ క్లయింటు ఆస్తి కాగితాలు ఎవరి సర్వర్‌కో పంపడం నాకు ఇష్టం లేదు. టెసరాక్ట్‌కు ఇంటర్నెట్టే అక్కర్లేదు.

స్కానింగ్ 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గితే మిగతా శ్రమంతా దండగ. వంకర సరిచేసే ఆప్షన్, తిరగబడిన పేజీని నిలబెట్టే ఆప్షన్ ఎప్పుడూ పెట్టే ఉంచుతాను. భాషల దగ్గర తెలుగు, ఇంగ్లీషు రెండూ ఇవ్వాలి, ఏది ముందు ఇస్తామన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. డిపాజిషన్లు (సాక్షుల వాంగ్మూలాలు), తీర్పులు ఎక్కువగా ఇంగ్లీషు టైపు కాబట్టి వాటికి ఇంగ్లీషు ముందు, తెలుగు దస్తావేజులకు తెలుగు ముందు.

శుభ్రంగా టైపు చేసిన ఇంగ్లీషు కాగితాలకు వంక పెట్టలేం. కార్బన్ కాపీ అయితే సగానికి సగం పోతుంది. కంప్యూటర్ ప్రింటు తీసిన తెలుగు దస్తావేజులు బాగానే వస్తాయి గానీ, స్టాంపు పేపరు మొదటి పేజీలో వెనకున్న డిజైన్ గీతలను కూడా అక్షరాలే అనుకుని ఏదేదో రాసిపెడుతుంది.

చేతిరాతను చదివే పనికి టెసరాక్ట్‌ను తయారుచేయలేదు. పాత దస్తావేజులన్నీ లేఖరి చేతిరాతే కాబట్టి ఇది మాకు చిన్న లోటు కాదు. మా గుమస్తా గారు మొదట్లో ‘ఏటండీ, ఇది చదివేస్తదా?’ అని ఆశగా చూసి, ఒక చేతిరాత క్రయపత్రం ఫలితం చూశాక నవ్వేసి వెళ్లిపోయారు. ఇప్పుడు వాటికి ఫైలు పేరులోనే గ్రామం, సర్వే నంబరు, సంవత్సరం, ఇరుపక్షాల పేర్లు ఆయనే కొడతారు. మా ఊళ్లోనే కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. అక్కడ కథ పేరు, రచయిత, పత్రిక అంటూ జాబితా ఉండబట్టే ఏదైనా దొరుకుతోంది. అలాంటి మనిషి పనికి ఓసీఆర్ బదులు కాదు.

అంకెల దగ్గర జాగ్రత్త. తెలుగు మోడల్‌కు సున్నా అంకె, పూర్ణానుస్వారం ఒకేలా కనిపిస్తాయి, సర్వే నంబరు మధ్యలో సున్న దూరిపోతుంది. మన దస్తావేజుల్లో విస్తీర్ణాన్ని ‘య.1-50 సెం.’ అని రాస్తారు కదా, ఎకరాన్ని సూచించే ఆ ‘య’ కాస్తా ‘మ’ అయి కూర్చుంటుంది. ద-ధ, బ-భ తారుమారు కావడం మామూలే. అందుకే విస్తీర్ణం, హద్దులు ఓసీఆర్ పాఠం నుంచి కాపీ చేసి దావా పత్రం, అంటే ప్లెయింట్‌లో పెట్టను, బొమ్మ చూసి టైపు చేస్తాను.

వెతకడంలో కూడా కిటుకులున్నాయి. మొత్తం మాట కొట్టకూడదు, ముక్క కొట్టాలి. ‘ఎకరం’ అంటే దొరకనిది ‘యకర’ అంటే దొరుకుతుంది. ‘నంబర్‌లో’ అన్నప్పుడు మధ్యలో కనిపించని అక్షరం ఒకటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అది ఫైల్లోనూ, మనం కొట్టే మాటలోనూ ఒకేలా లేకపోతే కళ్లెదుట ఉన్న మాట కూడా చిక్కదు. ‘నంబ’ అని ఆపేస్తే గొడవ లేదు. ప్రతి ఫైలుకూ విడిగా టెక్స్ట్ ఫైలు కూడా ఇమ్మని అడగొచ్చు. అవన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌తో ఒకేసారి గాలిస్తాను.

ఊరి పేరు తెలిసినా జిల్లా పేరు మోసం చేస్తుంది. 1936కు ముందు కాగితాల్లో మనం గంజాం జిల్లా, తర్వాత 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లా. పాత ఇంగ్లీషు రికార్డుల్లో పట్టణం పేరే చికాకోల్. 2022లో పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. వీటన్నిటినీ ఏ సాఫ్ట్‌వేరూ కలిపి చూపదు, ఒక్కో పేరుతో ఒక్కోసారి వెతుక్కోవాల్సిందే.

డీటీపీ పనులకు వాడే అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లది వేరే తంతు. తెరమీద చక్కటి తెలుగు, కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. ప్రోగ్రామేమో ఈ పేజీలో ఇప్పటికే పాఠం ఉందంటూ ఆగిపోతుంది. బలవంతంగా మళ్లీ ఓసీఆర్ చేయించే ఆప్షన్ ఉంది, అది పెడితే పాత పొర పారేసి, ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లో కొత్తది రాస్తుంది. నాకు ఈ సాఫ్ట్‌వేరు బాగా కలిసొచ్చింది ఇక్కడే.

డిజిటల్ సంతకం ఉన్న ఆర్డర్ల మీద మాత్రం దీన్ని నడపొద్దు. ఫైలు మారితే సంతకం చెల్లదు కాబట్టి కొత్త వెర్షన్లు ముందే ఆపేస్తాయి. ఆ ఆపుదలను దాటించే ఆప్షన్ కూడా ఉంది, నేను దాని జోలికి వెళ్లను. అలాంటి ఆర్డర్‌కు ప్రింటు తీసి, స్కాన్ చేసి, ఆ కాపీకి ఓసీఆర్ చేయిస్తాను. అసలు ఫైలు వేరే ఫోల్డర్‌లో ఉంటుంది.