ఏసీ ప్లాంటుకి వీఎఫ్‌డీలు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

హైదరాబాద్‌లో ఒక ఆఫీసు బిల్డింగ్ ఏసీ ప్లాంటు బాధ్యత నాది. గదులకి చల్లగాలి పంపే ఏహెచ్‌యూ (ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్) ఫ్యాన్లకీ, వాటికి చల్లటి నీళ్లు అందించే చిల్డ్ వాటర్ పంపులకీ వీఎఫ్‌డీలు, అంటే మోటారు స్పీడుని అవసరాన్ని బట్టి మార్చే డ్రైవ్‌లు, పెట్టించి కొన్నేళ్లయింది. కరెంటు బిల్లు విషయంలో మా ప్లాంటుకి ఇంతకు మించిన మేలు ఇంకేదీ చేయలేదు.

ఫ్యాన్ల దగ్గర ఫలితం వెంటనే కనిపించింది. ఫ్యాన్ వాడే కరెంటు దాని స్పీడు ఘనాన్ని బట్టి ఉంటుంది. ఫుల్ స్పీడైన 50 హెర్ట్జ్ నుంచి 40కి దించితే గాలి తగ్గేది ఐదో వంతు, కరెంటు మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. చలికాలంలో మా ఫ్యాన్లు చాలాసేపు 35 దగ్గరే తిరుగుతాయి. డక్టుల హోరు కూడా బాగా తగ్గింది.

పంపుల దగ్గర మాత్రం మొదట్లో పైసా మిగల్లేదు. మా కాయిల్స్‌కి (ఏహెచ్‌యూలో చల్లటి నీళ్లు తిరిగి గాలిని చల్లబరిచే గొట్టాలకి) ఉన్నవి త్రీ-వే వాల్వులు. గది చల్లబడ్డాక ఆ వాల్వు నీళ్లని ఆపదు, కాయిల్‌లోకి పోనివ్వకుండా పక్కదారిలో వెనక్కి పంపేస్తుంది. పంపు తోడే నీళ్లు ఎప్పుడూ అన్నే అయినప్పుడు డ్రైవ్ స్పీడు ఎలా తగ్గిస్తుంది? అమ్మినవాళ్లు ఈ ముక్క ముందే చెప్పనందుకు నాకు ఇప్పటికీ కోపమే. అవసరం లేనప్పుడు నీళ్లని ఆపేసే టూ-వే వాల్వులు వేయించి, పంపు స్పీడు దాన్ని బట్టి మారేలా చిట్టచివరి ఏహెచ్‌యూ దగ్గర డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సర్ (వెళ్లే నీళ్లకీ తిరిగొచ్చే నీళ్లకీ మధ్య ప్రెషర్ తేడా కొలిచేది) పెట్టించాకే మీటర్లో తేడా తెలిసింది. అంతకుముందు 7 డిగ్రీలతో వెళ్లిన నీళ్లు 9తోనే తిరిగొచ్చేవి, ఇప్పుడు 12 దాకా వస్తున్నాయి, అంటే అవే నీళ్లు ఎక్కువ వేడిని తీసుకొస్తున్నాయి. నీళ్లని చల్లబరిచే చిల్లర్‌కి కనీసం ఇంత ఫ్లో ఉండాలని ఒక లెక్క ఉంటుంది, పంపు స్పీడు అంతకంటే కిందికి పోకుండా సెట్ చేయించండి.

ఇబ్బందులూ ఉన్నాయి. మే నెలలో ప్యానెల్ రూము ఉడికిపోయి డ్రైవ్ ఓవర్‌హీట్ చూపించి ట్రిప్ అయ్యేది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, డ్రైవ్ ఫిల్టర్ల దుమ్ము క్రమం తప్పకుండా దులిపిస్తున్నాం. అసలు తలనొప్పి హ్యాండ్ మోడ్, అంటే డ్రైవ్ స్పీడుని మనిషే చేత్తో సెట్ చేసే పద్ధతి. ఎవరో ఉక్కగా ఉందంటారు, ఆపరేటర్ డ్రైవ్‌ని హ్యాండ్‌లో 50కి పెట్టి, మళ్లీ ఆటోకి మార్చడం మర్చిపోతాడు. అందుకే రోజూ పొద్దున్నే డిస్‌ప్లేలన్నీ నేనే చూసుకుంటాను.

సెంట్రల్ ప్లాంటు ఉన్నవాళ్లు నిరభ్యంతరంగా పెట్టించుకోవచ్చు. కొటేషన్ అడిగే ముందు మీ కాయిల్స్ దగ్గర ఏ వాల్వులున్నాయో చూసుకుని, మార్చాల్సి వస్తే ఆ ఖర్చు కూడా అందులోనే రాయించండి. ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీలతో నడిచే చిన్న ఆఫీసులకి విడిగా ఇది అక్కర్లేదు, వాటి కంప్రెసర్ అవసరాన్ని బట్టి తనే స్పీడు తగ్గించుకుంటుంది.