పర్లాకిమిడిలో పాత బైబిల్‌కి బైండింగ్ చేయించాం

ఒడిశాలోని పర్లాకిమిడిలో బజారు వెనక సందులో ఒక చిన్న బైండింగ్ షాపు ఉంది. బోర్డు ఒడియాలోనే ఉంటుంది, లోపల ఒక పెద్దాయన, ఆయన కొడుకు, అంతే. స్కూలు రిజిస్టర్లు, కొట్లవాళ్ళ ఖాతా పుస్తకాలు కుట్టడం వాళ్ళ అసలు పని. మా మామగారి తెలుగు బైబిల్, దాంతోపాటు మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అక్కడ ఇచ్చాం. పని ఎంత బాగా చేశారంటే ఇటు గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్న మన తెలుగు విశ్వాసులందరికీ చెప్పాలనిపించింది.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అని చర్చిలో ఇద్దరు ముగ్గురు అడిగారు. కొత్తదీ ఉందండి, జిప్ కవర్‌తో, ఆదివారం చేతిలో పట్టుకెళ్ళేది అదే. కానీ మిగతా రోజుల్లో ఇంట్లో చదివేది పాతదాన్నే. మామగారు లారీ నడిపేవారు, బైబిల్ సీటు పక్కనే ఉండేది, ఎక్కడ ఆగితే అక్కడ చదివి అంచుల్లో పెన్సిల్‌తో చిన్నచిన్న మాటలు రాసుకునేవారు. 121వ కీర్తన పక్కన "గుణుపురం రోడ్డు, బండి చెడింది" అని ఉంటుంది. కొండల మధ్య బండి ఆగిపోయి, సాయం ఎప్పుడొస్తుందో తెలియక, "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అన్న మాట దగ్గర ఆ మనిషి వేలు పెట్టుకుని కూర్చున్నాడంటే, నాకు అది ఏ ఆదివారం ఆరాధనకీ తక్కువ అనిపించదు.

నిజానికి వాక్యమే అలా చెప్తుంది. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం 5వ వచనంలో పూర్ణహృదయంతో, పూర్ణాత్మతో, పూర్ణశక్తితో దేవుణ్ణి ప్రేమించమని ఆజ్ఞ ఉంది కదా, దాని వెంటనే 7వ వచనంలో ఈ మాటలు ఎప్పుడెప్పుడు మాట్లాడుకోవాలో చెప్పాడు: ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు, పండుకున్నప్పుడు, లేచినప్పుడు. ఆరాధన గుడారం ఊసు అక్కడ లేదు, పండగల ఊసు లేదు. ఇల్లు, దారి, పడక. మనమేమో పూర్ణహృదయం అనగానే చేతులెత్తి గట్టిగా పాడటమే అనుకుంటాం, సోమవారం పొద్దున పప్పు పొయ్యి మీద పెట్టి పిల్లల మీద అరుస్తున్నప్పుడు ఆ హృదయం ఎక్కడుందో చూసుకోం. అందుకే మా వంటింట్లో గట్టు మీద బైబిల్ తెరిచే ఉంటుంది. తెరిచి ఉండాలంటే అది పేజీ మీద చెయ్యి పెట్టకుండానే తెరిచి ఉండే బైండింగ్ కావాలి. నా పట్టుదల అంతా దీని మీదే.

చాలాచోట్ల ఏం చేస్తారంటే పక్కన రంధ్రాలు పెట్టి అడ్డంగా కుట్టేస్తారు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కానీ పుస్తకం పూర్తిగా విచ్చుకోదు, లోపలి వైపు అక్షరాలు మడతలోకి వెళ్ళిపోతాయి, చెయ్యి తీస్తే మూసుకుపోతుంది. మా కీర్తనల పుస్తకానికి ఇంతకు ముందు వేరే ఊళ్ళో అలాగే చేసిచ్చారు, ప్రతి చరణంలో మొదటి అక్షరం ఊహించుకుని పాడాల్సి వచ్చేది. ఈ పెద్దాయన ఆ కుట్టంతా విప్పేసి, ఫారాలు (కొన్ని ఆకులు కలిపి మడిచిన కట్టలు) విడివిడిగా తీసి, మడతల్లోంచి దారం పోనిచ్చి కుట్టారు. వెన్నుకి పల్చటి గుడ్డ అంటించారు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపారు, పురుగు పట్టకుండా. మేం ఎప్పుడో అంటించిన సెల్లోటేపు పసుపుపచ్చగా అయిపోయి ఉంటే దాన్ని మెల్లగా తీసి, చిరిగినచోట సన్న కాగితం వేశారు. అంచులు మిషన్ మీద కోయొద్దు మౌసా (ఒడియాలో బాబాయ్ అన్నట్టు), అక్కడ రాతలున్నాయి అని ఒక్కసారి చెప్తే చాలు, కోయలేదు.

ఆయనకి తెలుగు చదవడం రాదు. పేజీ అంకెలు చూసే వరస పెట్టుకున్నారు. యోబు గ్రంథంలో రెండు అంకెలు తప్పాయని ఫోన్ చేశారు, "ఒక ఆకు తక్కువుందమ్మా, వెతకండి, అది దొరికేదాకా కుట్టను" అని. నేను పర్వాలేదులే అనబోయాను, ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఇంట్లో కీర్తనల పుస్తకం ఉండే అలమరలో, అడుగున వేసిన పేపరు కింద దొరికింది. మనుషుల కోసం కాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా పని చేయమని కొలొస్సయులకు రాసిన పత్రిక 3:23లో చదువుకునేవాళ్ళం మనం, ఆ ఆకు విషయంలో మనస్ఫూర్తిగా నిలబడింది ఆయన.

ఇప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థనలో బైబిల్ మధ్యలో పెడితే అలాగే ఉంటుంది. మా పిల్లలు ఒడియా మీడియం, తెలుగు వింటే అర్థమవుతుంది కానీ చదవలేరు. నేను తెలుగులో ఒక వచనం, మా పెద్దమ్మాయి ఒడియా బైబిల్లో తర్వాతి వచనం, అలా వంతులేసుకుని చదువుతాం. కీర్తన కూడా ఒకటి పాడతాం. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్న పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఆ పుస్తకంలో ఉన్నాయి, ఈ పర్లాకిమిడి ప్రాంతంతో అనుబంధం ఉన్నవారాయన అని చెప్తే పిల్లలు ఇంకా గట్టిగా పాడుతున్నారు.

లోపాలు కూడా చెప్పాలి. చెప్పిన రోజుకి ఇవ్వరు, ఆకు వెతికిన రోజులు తీసేసినా వారం పైనే ఆలస్యమైంది. రెక్సిన్ నలుపు, మెరూన్ తప్ప లేదు. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు ఒడియా, ఇంగ్లీషులోనే వేస్తారు, తెలుగు అక్షరాల అచ్చుదిమ్మలు వాళ్ళ దగ్గర లేవు, అందుకని మేం ఖాళీగా వదిలేయించాం. రెండు పుస్తకాలకీ కలిపి 600 రూపాయలు తీసుకున్నారు, ఆ కుట్టుకి అది ఎక్కువ కాదు.

ఇచ్చేముందు మీరే ఒకసారి పేజీలన్నీ లెక్కచూసుకోండి, లోపల పెట్టుకున్న ఫోటోలు, చందా రశీదులు తీసేయండి. మార్చి నెలలో ఇవ్వకండి, ఖాతా పుస్తకాల పని మీద పడి ఉంటారు. క్రిస్మస్‌కి కావాలంటే అక్టోబర్‌లోనే ఇచ్చేయండి.