మినరల్ వెల్సా, సల్ఫర్ నదా? మొదటి శిలాజాల వేటకు ఏది మేలు

ఏటా మార్చి వచ్చేసరికి నలుగురైదుగురు నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "అన్నా, డల్లాస్ ఫాసిల్ క్లబ్బులో చేరాం. పిల్లలతో మొదటి ట్రిప్పు మినరల్ వెల్స్‌కి వెళ్లమంటావా, నార్త్ సల్ఫర్ నదికి వెళ్లమంటావా?" పోయిన వారం మా తోడల్లుడు గారు కూడా ఫోన్ చేసి ఇదే అడిగారు. ఆయన డ్రైవింగ్‌లో ఉన్నారని సగమే చెప్పాను. మిగతా సగం ఇది.

దూరంలో పెద్ద తేడా లేదు. మేముండే ఇర్వింగ్ నుంచి మినరల్ వెల్స్ పడమరకి, నది ఉన్న లాడోనియా ఈశాన్యానికి. రెండూ గంటన్నర అటూ ఇటూ.

మినరల్ వెల్స్ పార్కు అంటే నిజానికి ఒక గొయ్యి. ఊరి చెత్త యార్డు కోసం మట్టి తవ్వుకుని 1990ల మొదట్లో వదిలేశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు తవ్విందంతా వానలే. 2010లో డల్లాస్ పేలియంటలాజికల్ సొసైటీ అనే శిలాజాల సంఘం పూనుకుని సాయం చేస్తే ఊరివాళ్లు దాన్ని పార్కుగా తెరిచారు. టికెట్ లేదు. దొరికింది ఇంటికి తెచ్చుకోవచ్చు, అమ్ముకోకూడదు. అక్కడి నేల 30 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు. మోకాళ్ల మీద కూర్చుని పది నిమిషాలు చూస్తే క్రైనాయిడ్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) కాడల ముక్కలు గుప్పెడు దొరుకుతాయి. మధ్యలో చిల్లుతో చొక్కా గుండీల్లా ఉంటాయి. మా అమ్మాయి మొదటి రోజే వాటిని దారానికి గుచ్చి దండ చేసింది. అదృష్టం ఉంటే ట్రైలోబైట్ అనే గట్టి పెంకు సముద్రపు పురుగు, ఇంకా అదృష్టం ఉంటే ఆ కాలపు షార్క్ పన్ను. అంతకు మించి పెద్దవి ఆశించొద్దు. అక్కడి సరుకంతా గోరంత, వేలంత.

నది కథ వేరు. వరదల నుంచి పొలాలను కాపాడదామని 1920ల్లో దాని వంకరలన్నీ తీసేసి తిన్నగా కాలువ తవ్వారు. వంకర పోయేసరికి నీటికి వేగం పెరిగి అడుగంతా కోసుకుపోయింది. ఇప్పుడు అక్కడ నిలువు గట్ల మధ్య లోతైన లోయ ఉంది. గట్ల కింద బయటపడింది 8 కోట్ల ఏళ్ల నాటి బూడిదరంగు సముద్రపు మట్టి. మోససార్ అనే ఆనాటి సముద్రపు బల్లి వెన్నుపూసలు, షార్క్ పళ్లు, అమ్మోనైట్లు అందులోవే. అమ్మోనైట్ అంటే మన పూజలో పెట్టుకునే సాలగ్రామానికి చుట్టమే. గండకీ నది బదులు టెక్సాస్ నదిలో దొరుకుతుంది, అంతే. పై పొరల నుంచి మంచుయుగపు మామత్ పళ్లు, అడవిదున్న ఎముకలు కూడా జారిపడుతుంటాయి. ఈ పేర్లు వింటే ఏ పిల్లాడైనా నదికే ఓటేస్తాడు. మా వాడూ అదే చేశాడు.

వాడి మాట విని మేం మొదట నదికే వెళ్లాం. మధ్యాహ్నానికి గులకరాళ్ల మేటలో పిడికిలంత నల్లటి ఎముక ముక్క దొరికింది. ఇంటికొచ్చాక మా వాడు దానికి మోససార్ అని పేరు కూడా పెట్టేశాడు. క్లబ్బు నెలవారీ మీటింగులో గుర్తుపట్టించుకునే బల్ల ఒకటి ఉంటుంది కదా, అక్కడికి పట్టుకెళ్లాం. బల్ల దగ్గరున్న పెద్దాయన దాన్ని నాలుకకి ఆనించి చూశారు. సన్నటి రంధ్రాలుండే ఎముకైతే నాలుకకి అతుక్కుంటుంది, మామూలు రాయి అతుక్కోదు. అతుక్కుంది. "గట్టులో దొరికిందా, గులకరాళ్లలోనా?" అని అడిగారు. గులకరాళ్లలో అన్నాను. ఆయన నవ్వి, "అయితే ఎముకే. ఇంతకంటే ఏమీ చెప్పలేను" అన్నారు. అది 8 కోట్ల ఏళ్లదీ కావచ్చు, 20 వేల ఏళ్లదీ కావచ్చు. రెండింటి మధ్య తేడా 4,000 రెట్లు! నీళ్లు రెండు కాలాల సరుకునూ ఒకే మేటలో కలిపేస్తాయి. ముక్క చిన్నదైపోతే ఆకారం చూసీ చెప్పలేం.

నా మటుకు నాకు ఈ పోటీ తేలిపోయేది ఇక్కడే. మినరల్ వెల్స్‌లో మీ కాలి దగ్గర దొరికింది ఆ వాలులోంచి ఊడి పడిందే, ఎక్కడినుంచో కొట్టుకొచ్చింది కాదు. ఏడేళ్ల పిల్ల కూడా చీటీ మీద చోటు, తేదీ, కాలం రాసి డబ్బాలో వేసుకోవచ్చు. ఆ చీటీ లేని ఎముక షోకేసులో బొమ్మే.

మాది రాజమండ్రి వైపు. పంగిడి క్వారీల్లో నల్లరాతి పొరల మధ్య సున్నపురాతి పొర ఉంటుంది, దాని నిండా ఆల్చిప్పలు, గవ్వలు. చిన్నప్పుడు అవి గోదావరి తెచ్చి పోసినవి అనుకునేవాణ్ని. ఆ పొరకి కిందా పైనా ఉన్నది లావా అనీ, ఆ లావాని బట్టే గవ్వల వయసు దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్లని తేల్చారనీ ఈ క్లబ్బులో చేరాకే తెలిసింది. పొరల మధ్య ఉన్నాయి కాబట్టే ఆ లెక్క కుదిరింది. అదే గవ్వని ఎవరైనా ఏరుకొచ్చి గోదావరి ఇసుకలో పడేస్తే దాని వయసు చెప్పేవాడు ఉండడు.

డల్లాస్ వాళ్లకి ఇంకా దగ్గరి ఉదాహరణ డల్లాసారస్ అనే శిలాజం. వాన్ టర్నర్ అనే ఔత్సాహికుడు 1989లో ఇక్కడే తవ్వి తిరగేసిన నేలలో దాన్ని చూశారు. 2005లో శాస్త్రవేత్తలు దానికి ఆయన ఇంటిపేరు కలిపి డల్లాసారస్ టర్నెరి అని పేరు పెట్టారు. 9.2 కోట్ల ఏళ్ల నాటి, మీటరు పొడవు జీవి. మోససార్లకి తొలి రోజుల బంధువు. ఏ పొరలోదో తెలిసింది కాబట్టే తొలి రోజులదని అనగలిగారు.

నదికి అన్యాయం చేయను. అక్కడ మేటని వదిలేసి గట్టు చూస్తూ నడిస్తే ఆట మారిపోతుంది. గట్టులోంచి వరసగా వెన్నుపూసలు తొంగిచూస్తే అవి ఏ పొరవో స్పష్టం. అప్పుడు తవ్వకుండా ఫోటో తీసి క్లబ్బుకి చెప్పాలి, వాళ్లు చూసుకుంటారు. మినరల్ వెల్స్‌లో జన్మంతా ఏరినా అలాంటి రోజు రాదు. కానీ బూడిదరంగు గట్టులో బూడిదరంగు ఎముకని పట్టే కన్ను మొదటి ట్రిప్పులో ఎవరికీ ఉండదు. నాకు మూడేళ్లు పట్టింది. పైగా బురద, జారుడు గట్లు, పాములు, ఎగువన వాన పడితే చెప్పకుండా పెరిగే నీళ్లు. ఏడేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని ఆ గట్టు దిగుతుంటే నాకైతే ఎముకల మీద ధ్యాసే ఉండదు, అంతా టెన్షనే. ఆనకట్ట పని వల్ల అక్కడి ఫాసిల్ పార్కు చోటు కూడా మారింది. పాత మ్యాప్ నమ్ముకుని బయల్దేరకండి.

గ్లెన్ రోజ్ ఊరి సంగతీ అడుగుతారు. పలక్సీ నదిలో డైనోసార్ అడుగుజాడలు బాగుంటాయి, నీళ్లు తక్కువున్నప్పుడే కనిపిస్తాయి. అది స్టేట్ పార్కు, ఏమీ ఏరకూడదు. డల్లాస్‌లోని పెరో సైన్స్ మ్యూజియం వానరోజుకి. శిలాజాలు అమ్మే షోల్లో కొనుక్కోవడం కొనుక్కోవడమే, వేట కాదు.

కాబట్టి మా తోడల్లుడు గారికి మినరల్ వెల్సే చెప్పాను. పిల్లలకి మోకాలి ప్యాడ్లు, అందరికీ టోపీలు, అనుకున్నదానికి రెట్టింపు నీళ్లు. అక్కడ చెట్టు నీడ అనేది లేదు. పార్కు అన్ని రోజులూ తెరవరు, ముందే చూసుకోండి. గట్టి వాన పడ్డ మర్నాడు మాత్రం వద్దు, చెప్పులకి కిలోల మట్టి అంటుకుంటుంది. రెండు రోజులు ఆగి పొద్దున్నే వెళ్లండి. వాన కడిగిన వాలు మీద ఏటవాలు ఎండ పడ్డప్పుడు ఆ గుండీలు వాటంతటవే కనబడతాయి.