కాలనీ వీధికి సీసీ రోడ్డా, తారు రోడ్డా, పేవర్ బ్లాకులా: ఏది మేలు?

వానలు తగ్గి కొత్త పనులకు ఎస్టిమేట్లు వేసే రోజులు రాగానే కాలనీ సంఘాల వాళ్లు అడిగేది ఒకటే: "సార్, మా వీధికి ఫండ్ శాంక్షన్ అయింది. సీసీ అడగమంటారా, బీటీ అడగమంటారా?" సీసీ అంటే సిమెంటు కాంక్రీటు రోడ్డు, బీటీ అంటే తారు రోడ్డు. ఈమధ్య పేవర్ బ్లాకుల (పక్కపక్కన పేర్చే కాంక్రీటు బిళ్లల) పేరు కూడా వినిపిస్తోంది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం కన్నా ఒకసారి రాసిపెడితే నయమనిపించింది. బోడుప్పల్, ఘట్‌కేసర్, పెద్ద అంబర్‌పేట, బాచుపల్లి, అమీన్‌పూర్ లాంటి హైదరాబాద్ శివార్లలో ఇరవై, ముప్పై అడుగుల వెడల్పుండే లోపలి వీధుల సంగతే ఇది. బస్సులు తిరిగే రోడ్ల లెక్క వేరు.

గట్టితనం ఒక్కటే చూస్తే పోటీ లేదు, సీసీదే పైచేయి. ఒళ్లు దగ్గర పెట్టుకుని పోసిన సిమెంటు రోడ్డు ఇరవై ఏళ్లు నిలుస్తుంది. బరువుకి ఓర్చుకుంటుంది, పైన నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది. శివారు వీధిలో బరువంటే చిన్న విషయం కాదు. ఎండాకాలం వచ్చిందంటే రోజూ ట్యాంకర్లు తిరగాల్సిందే. ఐదు వేల లీటర్ల ట్యాంకరులో నీళ్ల బరువే ఐదు టన్నులు, బండి బరువు అదనం. పైగా ఏ వీధిలో చూసినా ఎప్పుడూ ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు. ఇసుక లారీ, స్టీలు లారీ, రెడీమిక్స్ బండి తప్పవు.

తారు రోడ్డుకి నీళ్లంటే పడదు. తారు పొరలోకి నీళ్లు దిగితే కంకర పట్టు వదిలేస్తుంది. ఒక చోట చిన్న గుంట పడిందంటే మిగతా పని టైర్లు చూసుకుంటాయి. సంపు నిండి పొంగిన నీళ్లు, పొద్దున్నే కారు కడిగిన నీళ్లు రోజూ పారే గేటు ముందే రోడ్డు మొదట పాడవుతుంది. పక్కన కాలువ లేని ఇరుకు వీధిలో బీటీ వేయించుకుంటే రెండు మూడు వానాకాలాలకే కంకర తేలడం ఖాయం. అలాగని తీసిపారేయలేం. మొదటి ఖర్చు తక్కువ. పొద్దున వేస్తే సాయంత్రానికి బండ్లు తిరగొచ్చు. నలభై అడుగుల పైన వెడల్పు, రెండు పక్కలా వాననీటి కాలువలు, నడుమ కాస్త ఎత్తు ఉండి నీళ్లు పక్కలకు జారిపోయే రోడ్డు అయితే నేనూ బీటీకే ఓటేస్తాను. లోపలి వీధుల్లో ఆ మూడూ కలిసి ఉండటం అరుదు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. కాలనీ మీటింగుల్లో వాదన కూడా సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది: ఏది గట్టిది, ఏది ఎన్నేళ్లు ఉంటుంది, ఏది చూడ్డానికి బాగుంటుంది. నన్నడిగితే రోడ్డు ఏ రకం అన్నది రెండో ప్రశ్న. ఆ రోడ్డుని మళ్లీ ఎప్పుడు తవ్వుతారన్నది మొదటి ప్రశ్న.

శివార్లలో పనులన్నీ వెనక నుంచి ముందుకు జరుగుతాయి. ముందు ప్లాట్లు, తర్వాత ఇళ్లు, తర్వాత రోడ్డు, అన్నీ అయ్యాక డ్రైనేజీ, నల్లా పైపులైను. పంచాయతీ లేఅవుట్‌గా మొదలైన కాలనీలో ఎవరి సెప్టిక్ ట్యాంకు వాళ్లదే, ఎవరి బోరు వాళ్లదే. ఇళ్లు నిండాక, బోర్లు ఎండాక అప్పుడు అసలు లైన్లు వస్తాయి. రోడ్డు వేసేది ఒక శాఖ, పైపు వేసేది ఇంకో శాఖ. జీహెచ్ఎంసీ శివారు సర్కిళ్లలో మురుగు లైన్ల నిర్వహణ 2021 అక్టోబరులో జలమండలి (నల్లా నీళ్లు, మురుగు చూసే వాటర్ బోర్డు) చేతికి వెళ్లింది. లోపలి వీధుల రోడ్లు మాత్రం కార్పొరేషన్ పనే. కరెంటు కేబుళ్లు డిస్కంవి, గ్యాస్ పైపు, ఇంటర్నెట్ కేబుల్ ఇంకెవరెవరివో. ఒక మీటింగులో ఇదే సంగతి ఇంజినీరు ముందు పెడితే, "పైపులైను మా పరిధి కాదు సార్, రోడ్డు వరకే మా ఎస్టిమేట్" అన్నాడాయన. అందులో అబద్ధం లేదు, అదే ఇబ్బంది.

సీసీ రోడ్డుని తవ్వడం ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? కట్టర్‌తో రెండు వైపులా గీత కోసి, ఆ గీతల మధ్య పగలగొట్టాలి. చాలా చోట్ల కట్టర్ ఊసే ఉండదు, నేరుగా బ్రేకర్ పెట్టేస్తారు. అంచులు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతాయి. పైపు దింపాక, తవ్విన మట్టిని అర అడుగు చొప్పున పొరలుగా పోసి, ఒక్కో పొరా తడిపి, దిమ్మిస కొట్టాలి. జరిగేది ఏమిటంటే, ఉన్న మట్టంతా ఒకేసారి లోపలికి తోసి, జేసీబీ బకెట్‌తో రెండు సార్లు పైన తట్టి, నాలుగు బాండ్లీల కాంక్రీటు పరిచి వెళ్లిపోవడం. మొదటి పెద్ద వానకి లోపలి మట్టి దిగుతుంది, పైన అతుకు కుంగుతుంది. ఇక వీధి పొడవునా ఒక గాడి. బైకు ముందు చక్రం అందులో దిగిందంటే పడటమే.

మెయిన్ లైనుతో అయిపోయిందా అంటే లేదు. ఇంటింటికీ కనెక్షన్ ఇవ్వాలి కదా. ఇరవై ఇళ్లున్న వీధిలో డ్రైనేజీకి ఇరవై అడ్డకోతలు, నల్లాకి విడిగా ఇంకో ఇరవై. రోడ్డు వేసిన కాంట్రాక్టరుకి కొంత కాలం వరకు మరమ్మతు బాధ్యత ఉంటుంది, నిజమే. కానీ మధ్యలో వేరే శాఖ వచ్చి కోసిందంటే "నా పని పాడుచేసింది వాళ్లు" అని చేతులు దులుపుకుంటాడు. ఇరవై ఏళ్లు ఉండాల్సిన రోడ్డు రెండో ఏటికే స్పీడ్ బ్రేకర్ల వరసలా తయారవుతుంది.

అందుకే, పైపులన్నీ పడని వీధికి సీసీ అడగొద్దు. ఎన్నికల ముందు పిలిచి ఇస్తామన్నా సరే. "అయ్యాయి సార్, మెయిన్ లైన్ ఎప్పుడో వేశారు" అనే మాట కూడా నమ్మకండి. అయినట్టంటే మెయిన్ పైపు, చాంబర్లు (మ్యాన్‌హోళ్లు), ప్రతి ఇంటి కనెక్షనూ అయినట్టు. ఖాళీ ప్లాట్లకి కూడా పైపు ప్లాటు హద్దు లోపలికి తెచ్చి, చివర మూత బిగించి, గోడ మీద పెయింటుతో గుర్తు పెట్టాలి. అందరూ మర్చిపోయేది ఈ ఖాళీ ప్లాట్లనే. మూడేళ్ల తర్వాత ఆ ప్లాటులో ఇల్లు లేస్తుంది, అప్పుడు మీ కొత్త రోడ్డు మీదికి బ్రేకర్ వస్తుంది. ఇంకో చిన్న పని కూడా ఉంది. సీసీ పోసే ముందు వీధికి అడ్డంగా అక్కడక్కడా ఖాళీ పీవీసీ పైపులు పాతించండి. రేపు ఏ కేబుల్ వాడు వచ్చినా అందులోంచి లాక్కుంటాడు. మొత్తం పనిలో దాని ఖర్చు లెక్కలోకే రాదు.

పేవర్ బ్లాకుల విలువ తెలిసేది ఇక్కడే. తవ్వాల్సి వస్తే బ్లాకులు ఊడదీసి పక్కన పేర్చుకోవచ్చు. పైపు వేసి, మట్టి గట్టిపరిచి, పైన ఇసుక పరిచి మళ్లీ అవే బ్లాకులు అమరిస్తే అతుకు ఆనవాలు కూడా ఉండదు. ఎక్కడైనా కుంగినా ఆ నాలుగు గజాలు లేపి సరిచేస్తే చాలు, అది ఏ మేస్త్రీ అయినా చేయగల పని. పోసి ఆరబెట్టాల్సింది లేదు కనుక నెల రోజులు వీధి మూసే పనీ లేదు. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు నల్లరేగడి నేలల్లో మరో లాభం. ఆ మట్టి వానకి ఉబ్బి ఎండకి బీటలిస్తుంది. దాని మీద బిగుసుకుపోయిన సీసీ పగులుతుంది. బ్లాకులు నేలతో పాటు కాస్త అటూ ఇటూ సర్దుకుంటాయి.

మరి వీటికి చెడ్డపేరు ఎందుకొచ్చింది? చాలా కాలనీల్లో ఫుట్‌పాత్ బ్లాకులు తెచ్చి రోడ్డుకి వేశారు కాబట్టి. 60 మి.మీ. బ్లాకు కార్లు, బైకులు తిరిగే చోటికి చాలు. ట్యాంకర్లు తిరిగే వీధికి 80 మి.మీ. మందం, ఎం-40 గ్రేడు (కాంక్రీటు గట్టితనం కొలత) బ్లాకు కావాలి. రెండోది అంచు. రెండు పక్కలా కాంక్రీటు కర్బ్ లేకపోతే బ్లాకులు మెల్లగా పక్కలకి జరుగుతాయి, సందులు విడతాయి, ఇసుక జారిపోతుంది. ఆ తర్వాత కథ చెప్పక్కర్లేదు. మూడోది కింది బేస్. మొరం మీద నేరుగా ఇసుక పోసి బ్లాకులు పేరిస్తే అది ఫొటో దిగేదాకా ఉండే రోడ్డు. వెట్ మిక్స్ (నీళ్లతో కలిపిన కంకర, రాతిపొడి) పొర వేసి రోలర్ తిప్పాల్సిందే. ఇవి మూడూ ఎస్టిమేటులో ఉన్నాయో లేదో చూడకుండా "పేవర్లు పనికిరావు" అంటే ఎలా?

నిజమైన లోపాలూ ఉన్నాయి. బాగా ఏటవాలుగా ఉన్న వీధిలో వానకి సందుల్లోని ఇసుక కొట్టుకుపోతుంది, అక్కడ వద్దు. సందుల్లో గడ్డి మొలుస్తుంది. బండి పోతుంటే టకటకమని చప్పుడు. ముగ్గు సరిగ్గా కుదరదని మా వీధిలోనే గట్టి అభ్యంతరం వచ్చింది, దానికి నా దగ్గర జవాబు లేదు. ఖర్చు మాత్రం మీ మున్సిపాలిటీలో ఆ ఏటి రేట్లతో మూడింటికీ వేయించి చూసుకోవాల్సిందే. 80 మి.మీ. బ్లాకు, కర్బ్, బేస్ అన్నీ కలిపితే పేవర్ చవకేమీ కాదు.

రకం ఏదైనా వదలకూడనిది ఎత్తు. పాత రోడ్డు తీయకుండా దాని మీదే కొత్తది వేయడం కాంట్రాక్టరుకి తేలిక, మనకి శాపం. రెండేసి అంగుళాల చొప్పున బీటీ మూడుసార్లు వేస్తే రోడ్డు అర అడుగు లేస్తుంది. పాతదాని మీద మూడంగుళాల బేస్, ఆరంగుళాల సీసీ పోస్తే ఒక్క దెబ్బకి ముప్పావు అడుగు. పదిహేనేళ్ల కింద కట్టిన ఇళ్లు ఒకసారి చూడండి. గేటు రోడ్డుకి రాసుకుంటోందని వెల్డరుని పిలిచి కింద నాలుగంగుళాలు కోయించిన ఇళ్లు, వాననీళ్లు పోర్టికోలోకి రాకుండా గేటు కింద ఇటుకలతో కట్ట కట్టుకున్న ఇళ్లు ప్రతి వీధిలో కనిపిస్తాయి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు ఆ కట్టలు ఎందుకూ పనికిరాలేదు. అంతటి వానకి ఏ రోడ్డూ ఏమీ చేయలేదనుకోండి. కానీ ఏటా పడే మామూలు వానకే సంపులోకి మురుగు దిగుతోందంటే తప్పు ఎత్తుదే. తమిళనాడులో పాత పొరని గీకి తీసేశాకే కొత్తది వేయాలని 2021లో ప్రభుత్వమే ఆదేశాలిచ్చింది. మన దగ్గర ఎస్టిమేటు కాపీ అడిగి తీసుకుని, పాత రోడ్డు తవ్వి తీసేసే ఐటమ్ అందులో ఉందో లేదో మీరే చూసుకోవాలి. లేకపోతే పని మొదలయ్యే ముందే రాతపూర్వకంగా అడగండి. ఈ విషయంలో సీసీ పెట్టే ఇబ్బంది మరీ ఎక్కువ. ఒకసారి ఎత్తుగా పోశారంటే మళ్లీ దించేవాడు ఉండడు. పేవర్ అయితే కనీసం లేపి సర్దే వీలుంటుంది.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మొరం పోయించుకోవడం ఒక ఎండాకాలం గడపడానికే. పైపుల పని నడుస్తున్న వీధికి తాత్కాలికంగా పర్వాలేదు. పాత తారు మీద కాంక్రీటు పరిచే వైట్ టాపింగ్ పెద్ద రోడ్ల వ్యవహారం, ఎత్తు గొడవ ఉన్న లోపలి వీధుల్లో దాని జోలికి పోవద్దు.

కాబట్టి పైపులు ఇంకా రావాల్సి ఉంటే, లేదా వచ్చినా ఖాళీ ప్లాట్లు సగం ఉంటే, నేను పేవర్లకే మొగ్గుతాను. శివార్లలో ఎక్కువ వీధులు ఈ లెక్కలోకే వస్తాయి. అన్నీ అయిపోయి, ఇళ్లు నిండిన వీధి అయితే నిక్షేపంగా సీసీ తీసుకోండి. పోసే రోజు ఇద్దరు ముగ్గురు దగ్గరుండాలి. కింద ప్లాస్టిక్ షీటు పరిచారా, వైబ్రేటర్ పెట్టారా, నీళ్లు ఎటు పోవాలో అటు వాలు ఉందా చూసుకోండి. మరుసటి రోజు దాటకుండా జాయింట్లు కోయించాలి, ఆలస్యమైతే రోడ్డు తనకి తోచిన చోట పగులుతుంది. గోనె పట్టాలు కప్పి రెండు వారాలు తడి ఆరకుండా చూడాలి. ఆ నీళ్లు కాంట్రాక్టరు తేవాలి, మీ సంపులోవి కాదు. బరువు బండ్లని 28 రోజుల దాకా రానివ్వొద్దు. ఆ నెల రోజులూ ట్యాంకరు వీధి మొదట్లోనే ఆగాలి కాబట్టి, చివరి ఇంటిదాకా అందే పైపు ట్యాంకరు వాడి దగ్గర ఉందో లేదో పని మొదలయ్యే ముందే కనుక్కోండి.